గంటం చేతులు మారిన పక్షం

బహుళ పాడ్యమి

నేర్పే పని అయ్యేదాకా జరిగింది జరిగినట్టు రాసిపెట్టమని గట్ల ఆఫీసు వాళ్ళు చెప్పారు. మిగతా గట్ల మీద నేర్పేవాళ్ళు చదువుకుంటారట. నాకు అక్షరాలు గడ్డం నెరిసిన తర్వాత వచ్చాయి. అవి కూడా ఈ ఉద్యోగం పోకుండా ఉండటానికి నేర్చుకున్నవి. తప్పులుంటాయి. ఎంచాలనుకున్నవాళ్ళు ముందు ఒక పోటుకి ఇక్కడికొచ్చి తలుపు దించి చూపించండి, తర్వాత ఎంచండి.

నా పేరు కొల్లాటి పోతురాజు. ఏడో గట్టు తలుపు నాది. నాది అంటే కొన్నానని కాదు. మా అయ్య తర్వాత ఆ తలుపు నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ఎరగదు. సముద్రం పైకొచ్చిన తర్వాత కట్టిన గట్లలో మాది ఆఖరుది. గట్టు వెనక ఊరుంది, ఊరు సముద్రం కన్నా పల్లంలో ఉంది. పోటుకి తలుపు దించాలి, ఆటుకి ఎత్తాలి. దించకపోతే ఉప్పునీరు లోపలికొస్తుంది. ఎత్తకపోతే వాననీరు బయటికి పోదు, ఊరే చెరువవుతుంది. రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. పండగ లేదు, జొరం లేదు.

పూర్వం ఈ తలుపులు ఎక్కడో కూర్చుని గాలిలో మాట పంపితే కదిలేవి. ఒకనాడు ఎవరు పంపారో తెలీని మాట ఒకటి వచ్చింది. అన్ని గట్ల తలుపులూ పోటు మీద తెరుచుకున్నాయి. మా అమ్మ ఆ రోజే పోయింది. అప్పటినుంచీ గాలి మాట తలుపు వినకూడదు, మనిషి చెయ్యి రాసిందే వినాలి అని చట్టం చేశారు.

అందుకే గంటం. జానెడు ఇనప కడ్డీ, తోకన తీగ. ఆ తీగ తలుపు పక్కనున్న పెట్టెలోకి పోతుంది. పెట్టె మీద నల్ల పలక. ఆ పలక మీద గంటంతో వరస రాయాలి, అక్షరాలతో కాదు, గీతలతో. ఆఫీసు వాళ్ళు ప్రోగ్రాం అంటారు, మేం వరస అంటాం. నీరు ఇంత పెరిగితే ఇంత దిగు, చెత్త అడ్డం పడితే ఆగు, కాస్త లేచి మళ్ళీ దిగు, ఇలాగ. ఏ పోటూ ఇంకో పోటులాగ రాదు కాబట్టి పోటు పోటుకీ మార్చి రాయాలి. గంటం రాసే చేతిని కనిపెడుతుంది. ఎంత నొక్కుతాడు, ఎక్కడ వంపు తిప్పుతాడు, ఎక్కడ కాస్త ఆగుతాడు, అంతా దానికి తెలుసు. తెలీని చెయ్యి రాస్తే పలక మీద గీత పడుతుంది గాని తలుపు కదలదు.

ఇవాళ ఉత్తర్వు వచ్చింది. ఏటా చేసే చెయ్యి పరీక్షలో నా చెయ్యి వణుకుతూ ఆడుతోందట. అమావాస్య పోటులోగా ఇంకో చెయ్యి తయారవ్వాలి. కాకపోతే తలుపుకి కాంక్రీటు పోసి మూసేసి, ఊరిని మెరక కాంపుకి తరలిస్తారు. కొత్త చెయ్యి రోజూ రాస్తూ ఉంటే గంటం మెల్లగా పాత చేతిని వదిలి కొత్త చేతికి అలవాటు పడుతుందని ఉత్తర్వులోనే రాశారు. మెరక కాంపు నేను చూశాను. మా ఆవిడ అక్క అక్కడే ఉంటుంది. ఇంటికీ ఇంటికీ మధ్య గోడ లేదు, తాడు కట్టి చీర వేలాడేసుకుంటారు.

నా చెయ్యి ఆడలేదు. పరీక్ష గదిలో చలి.

తదియ

నేర్చుకోవడానికి ఇద్దరిని ఇచ్చారు. ఒకతె నూకరత్నం. పల్లపు వీధిలో ఉంటుంది, పీతల బుట్టలు అల్లుతుంది, పీతలు పడుతుంది. నన్ను బాబాయ్ అంటుంది. ఇంకొకడు ఇమ్మానియేలు. పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. వాడి చేతికన్నా నోటికి పని ఎక్కువ.

ఆఫీసు నుంచి నేర్పే సామాను కూడా వచ్చింది. ఒక బొమ్మల పుస్తకం, ఒక చెక్క పెట్టె. చెక్క పెట్టె మీద రాసి రాసి అలవాటయ్యాక అసలు పలక మీదికి రావాలట. రాసి చూశాను. వెన్నలో వేలు పెట్టినట్టుంది. అసలు పలక ఎదురు తంతుంది. లోపల గొలుసు బరువు, బయట నీటి తోపు, అంతా గంటంలోంచి మణికట్టుకి వస్తుంది. చెక్క దగ్గర ఆ తన్ను లేదు. చెక్క మీద నేర్చుకున్నవాడు నేల మీద ఈత నేర్చుకున్నవాడితో సమానం.

అసలు పలక మీదే నేర్పుదామంటే అది ఒక్కటే. గంటం ఒక్కటే. కొత్త గంటాలు చేసేవాళ్ళు ఇప్పుడు లేరు. నేర్చుకునేవాళ్ళ కోసం పోటు ఆగదు. ఆటు ఆగి పోటు మొదలయ్యేలోపు నీరు కాస్సేపు నిలబడుతుంది చూశారా, ఆ కాస్సేపే వాళ్ళకి గంటం ఇవ్వగలను. ఆ కాస్సేపట్లోనే ఇద్దరూ రాయాలి. ఒకరు పట్టుకునేసరికి రెండోవాళ్ళ వంతు పోతుంది.

"ఇంజను నేర్చుకున్నప్పుడు పాడైన ఇంజను మీద నేర్చుకున్నాను గురువుగారూ. పాడైన తలుపేదన్నా లేదా?" అన్నాడు ఇమ్మానియేలు.

"ఉంది. నాలుగో గట్టుది. దాని వెనక ఊరు కూడా లేదు ఇప్పుడు" అన్నాను.

వాడు వెళ్ళి చెక్క పెట్టె ముందు కూర్చున్నాడు.

పంచమి

ఇవాళ బాగా జరిగింది.

బొమ్మల పుస్తకం తీసి పక్కన పారేశాను. నాకు మా అయ్య ఎలా నేర్పాడో అలాగే నేర్పాను. పిల్లల చేత బియ్యంలో ఓనమాలు దిద్దిస్తారే, వెనక కూర్చుని చెయ్యి మీద చెయ్యి వేసి, అలాగ. మా ఊళ్ళో వల అల్లడమైనా తెడ్డు వెయ్యడమైనా అలాగే నేర్పుతాం. మాటలతో చెప్పేది కాదు. చెయ్యి చేతికి చెప్పాలి.

ముందు నూకరత్నం. ఆమె గంటం పట్టుకుంది, ఆమె చెయ్యి మీద నా చెయ్యి వేశాను. వరస రాయించాను. తలుపు బుద్ధిగా మూరెడు దిగింది, మళ్ళీ లేచింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

తర్వాత ఇమ్మానియేలు.

"ఇలా చెయ్యి పట్టుకుంటే మా ఆవిడ చూసిందంటే ఏవన్నా అనుకుంటది" అన్నాడు.

"నీ చెయ్యి పట్టుకోవడం నాకేం సరదా కాదు. మాట్లాడకుండా రాయి."

వాడికీ తలుపు కదిలింది. ఇద్దరికీ మొదటి రోజే కదిలింది. మిగతా గట్ల మీద నెలలు పడుతోందని విన్నాను. అక్కడ నేర్పేవాళ్ళు చెయ్యి పట్టరు, పుస్తకం చదివి వినిపిస్తారు. ఇది చదివేవాళ్ళు ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. చెయ్యి పట్టాలి.

సప్తమి

రెండు రోజులుగా ప్రతి పోటుకీ వాళ్ళ చేతే రాయించాను. చెయ్యి మీద చెయ్యి. ఒక్క గీత కూడా తప్పలేదు. ఇవాళ మధ్యాహ్నం నిలవనీటి వేళ నా చెయ్యి తీసేశాను.

తలుపు కదల్లేదు.

నూకరత్నం మళ్ళీ రాసింది. కదల్లేదు. ఇమ్మానియేలు రాశాడు. గీతలు చూస్తే నా గీతల్లాగే ఉన్నాయి, అచ్చు నేను రాసినట్టే. అయినా తలుపు రాయిలాగ ఉండిపోయింది. ఈలోపు పోటు మొదలైంది, గంటం లాక్కుని నేనే రాసి దించాల్సొచ్చింది.

నాకు ఒళ్ళు మండింది. మీ చేతుల్లో పస లేదన్నాను. తిండి తిని రమ్మన్నాను. నూకరత్నాన్ని, పీతలు పట్టే చేత్తో తలుపు పట్టొద్దన్నాను. ఆ మాట కాస్త ఎక్కువే.

ఆమె తలొంచుకునే అంది, "బాబాయ్, నువ్వు చెయ్యేసినప్పుడు నాకు గీత తెలీట్లేదు. నీ చెయ్యి బరువే తెలుత్తంది."

"బరువు ఉంటేనే పని."

"ఆ తలుపు ఎదురు తంతదన్నావే. ఆ తన్ను నాకు ఒక్కసారి కూడా తగల్లేదు. నీకే తగులుతున్నట్టుంది."

సాకులు చెప్పొద్దని పంపేశాను. ఇంకా గట్టిగా పట్టి దిద్దిస్తే సరి.

దశమి

గట్టిగా పట్టి దిద్దించాను. లాభం లేకపోయింది. చెయ్యి ఉంటే కదులుతుంది, తీస్తే కదలదు. పోటు రోజురోజుకీ పెరుగుతోంది.

ఇవాళ ఆఫీసు నుంచి తస్నీం అనే ఆవిడ పడవ మీద వచ్చింది. అన్ని గట్ల మీదా శిక్షణ చూసేది ఈవిడేనట. మా మనవరాలి వయసుంటుంది. వచ్చీ రాగానే బూట్లు విప్పి బురదలో దిగింది, అది నచ్చింది. నిలవనీటి వేళదాకా మేం చేసేది చూసింది. తర్వాత నూకరత్నంతో అంది, "మీరు రాయొద్దండి. వేళ్ళు వదులుగా పెట్టి కళ్ళు మూసుకోండి. పెద్దాయనే మీ చేతిని నడిపిస్తారు."

నూకరత్నం అలాగే చేసింది. నేను నడిపించాను. తలుపు దిగింది.

"ఇప్పుడు ఆవిడ రాస్తారు. మీరు చెయ్యి వేసి ఉంచండి, కానీ నడిపించకండి."

తలుపు కదల్లేదు.

"గంటం మీ చేతినే చదువుతోంది పెద్దాయనా. మొదటి రోజు నుంచీ రాసింది మీరే. కింద ఎవరి చెయ్యి ఉన్నా దానికి ఒకటే. ఈ రోజులన్నీ అది మిమ్మల్ని మర్చిపోలేదు సరికదా, ఇంకా గట్టిపడింది."

ఇమ్మానియేలు అన్నాడు, "అయితే నా చేతికి బదులు వంకాయ పెట్టినా సరిపోయేదన్నమాట."

ఎవరూ నవ్వలేదు. వాడు కూడా నవ్వలేదు.

నేను అడిగాను, "మా అయ్య చెయ్యి తీశాక గంటం నాకు అలవాటు పడటానికి ఏడాది పట్టింది. ఇప్పుడు చెయ్యి తీసేసి నేర్పితే?"

"అమావాస్యలోగా మారదండి. ఒకటే దారి ఉంది. మీరు విడుపు వరస రాయాలి. రాస్తే గంటం మిమ్మల్ని పూర్తిగా మర్చిపోతుంది, ఖాళీ అవుతుంది. ఖాళీ గంటం కొత్త చేతిని రెండు రోజుల్లో పట్టుకోగలదు. పట్టుకోకపోవచ్చు కూడా. ఈలోపు తలుపు ఎవరి మాటా వినదు."

"తర్వాత నేను మళ్ళీ రాస్తే?"

ఆవిడ మొహం తిప్పుకోలేదు. సూటిగానే చెప్పింది. "ఆడే చేతిని ఖాళీ గంటం తీసుకోదండి. మీకు ఇంక రాదు."

నా మంచం మీద నేను పడుకోవడానికి నీ అనుమతి కావాలా అన్నట్టు చూశాను. చూసి, పడవ ఎక్కడ కట్టుకోవాలో చూపించి ఇంటికొచ్చేశాను.

ఏకాదశి

రాయనని చెప్పేశాను.

నేనుండగా తలుపుకి భయం లేదు. అమావాస్య పోటు నేనే దించుతాను. ఆఫీసు వాళ్ళు మూసేస్తామంటే గట్టు మీద పడుకుంటాను, నా మీద పోసుకోమనండి కాంక్రీటు. తస్నీం ఎదురు చెప్పలేదు. విడుపు వరస రాయమని పాత చేతిని బలవంతం చెయ్యకూడదని చట్టమేనట. నా ఇష్టం ఉంటేనే. మళ్ళీ రేపు అడుగుతానంది. బడిలో చాప వేసుకుని ఉంటోంది.

మా ఆవిడ వెంకాయమ్మ అన్నం పెడుతూ అంది, "నువ్వు పోయిన్నాడు ఆ తలుపుని కూడా పాడె మీద పెట్టాలా?"

"నీ పని నువ్వు చూసుకో."

"నా పని మెరక కాంపులో మా అక్క పక్కన చీర వేలాడగట్టుకోడం. ఇప్పుడే ఒక చీర తీసి పెట్టుకుంటాను."

సాయంత్రం నుంచి వాన. గాలి తూర్పు నుంచి.

ద్వాదశి

పొద్దున పోటుకి వెళ్ళాను. వానలో పలక తుడిచి వరస రాయడం మొదలెట్టాను. మూడో గీత దగ్గర తలుపు ఆగిపోయింది. సగం దిగి నిలబడింది. మళ్ళీ రాశాను. ఒక బెత్తెడు దిగి ఆగింది. నా చెయ్యే రాస్తోంది, కాని గంటం ఎవరో పరాయివాడు రాస్తున్నట్టు తడుముకుంటోంది. ఎడం చేత్తో మణికట్టు పట్టుకుని మూడోసారి రాస్తే అప్పటికి పూర్తిగా దిగింది.

అప్పటికే ఉప్పునీరు లోపలికి పోయింది. పల్లపు వీధి దాటి మంచినీళ్ళ గుంటలో కలిసింది. ఊరంతా తాగేది ఆ గుంట నీళ్ళే.

నేను వెళ్ళేసరికి జనం బిందెలతో గుంట తోడుతున్నారు. నూకరత్నం నడుం లోతు నీళ్ళలో ఉంది. తస్నీం కూడా చీర దోపుకుని బిందెలు అందిస్తోంది. ఇమ్మానియేలు డీజిలు పంపు ఒకటి తెచ్చి తగిలించాడు. నన్ను చూసి ఏదన్నా అంటాడనుకున్నాను. అంటే వాడికి గట్టిగా చెప్పడానికి మాట కూడా సిద్ధం చేసుకున్నాను. వాడు పక్కకి జరిగి నాకు దారి ఇచ్చాడు. అంతే. ఒక ముసలామె, "కాళ్ళు జారతాయి, చూసుకో అన్నయ్యా" అంది.

నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో నేను తిట్లు తిన్నాను, తిట్టాను. చూసుకో అని నాకెవరూ చెప్పలేదు.

త్రయోదశి

ఇవాళ విడుపు రాశాను.

ముందు పోటు చూసి తలుపు పూర్తిగా దించి పెట్టాను. కొత్త చెయ్యి తయారయ్యేదాకా దించే ఉంచాలి. వాన ఆగలేదు కాబట్టి లోపల నీరు పెరుగుతుంది. దానికి మందు లేదు. సముద్రం కన్నా వాననీరు నయం.

"ఎవరికిద్దాం?" అని తస్నీం అడిగింది. ఒక్కళ్ళకే ఇవ్వగలం. గీతలు చూస్తే ఇమ్మానియేలువి నా గీతలకి దగ్గరగా ఉంటాయి. నేను వాడి పేరే చెప్పబోయాను.

వాడే అన్నాడు, "నేను మీరు రాసినట్టు రాయడం నేర్చుకున్నాను గురువుగారూ. మీ చెయ్యి బరువు తెలుత్తందని చెప్పింది నూకరత్నం. నాకు అదీ తెలీలేదు. ఆవిడకే ఇయ్యండి. నేను పంపు చూసుకుంటాను, గుంట ఇంకా ఉప్పగానే ఉంది."

వాడు సరదాకి అనలేదు.

విడుపు వరస చిన్నది. మా అయ్య ఒకసారి చూపించాడు, ఎప్పుడూ రాయకూడదు కాబట్టి నేర్చుకోమని. రాశాను. రాస్తున్నంతసేపూ చెయ్యి ఆడలేదు.

"ఒకసారి మామూలు వరస రాసి చూడండి, వదిలిందో లేదో తెలియాలి" అంది తస్నీం. ఆమె గొంతు తగ్గించి అడిగింది. రాశాను. పలక మీద గీత పడింది. గంటంలోంచి తన్ను రాలేదు, గొలుసు బరువు రాలేదు. చెక్క పెట్టె మీద రాసినట్టే ఉంది.

గంటం తుడిచి నూకరత్నం చేతికిచ్చాను. ఆమె రెండు చేతులతో తీసుకుంది.

"ఇప్పటినుంచీ మీరు ఈ అరుగు ఎక్కకూడదు పెద్దాయనా. చెయ్యి అసలు తగలకూడదు. మాటలే" అని తస్నీం గీత గీసి చూపించింది. గీత అవతల కూర్చున్నాను.

చతుర్దశి

మిగతా గట్ల మీద నేర్పేవాళ్ళకి ఒక సంగతి చెప్తాను. మాటలతో నేర్పడం నాకు రాదు. నాకు ఈ పని చేతితో వచ్చింది. నోటితో ఎప్పుడూ అనుకోలేదు.

నూకరత్నం గంటం పట్టుకుని నా వైపు చూసింది. "నొక్కు" అన్నాను.

"ఎంత?"

ఎంతో నాకు తెలుసు. చెప్పడానికి మాట లేదు. చెయ్యి లేచింది, చంకలో పెట్టుకున్నాను. గట్టిగా అన్నాను, మెల్లగా అన్నాను, ఎక్కువా కాదు తక్కువా కాదు అన్నాను. ఆమె రాస్తూనే ఉంది, పలక చస్తే పలకట్లేదు. పొద్దెక్కింది. పల్లపు వీధిలో మోకాలి లోతు నీరు. మంచాల మీద మంచాలు పెట్టి సామాను ఎక్కిస్తున్నారు. ఆ వీధిలోనే ఆమె ఇల్లు. ఆమె అటు చూడటం లేదు.

తల గోక్కుని చివరికి అడిగాను, "నువ్వు పీతని కొనేవాళ్ళకి ఇచ్చేముందు గుల్లదో కండ ఉన్నదో ఎలా చూస్తావు?"

"బొటనేలితో డొప్ప కింద నొక్కుతాను."

"ఎంత నొక్కుతావు?"

"ఎంతంటే... పగలకూడదు. కండ ఉంటే ఎదురొస్తది."

"అంత."

ఆమె గంటం మళ్ళీ పట్టుకుంది. ఈసారి చూపు పలక మీద లేదు, ఎక్కడో ఉంది. ఒక గీత గీసింది. ఆగింది. నా వైపు తిరిగి, "తన్నింది బాబాయ్" అంది.

అక్కడినుంచి ఒక్కొక్క గీతకీ మాట వెతికాను. వంపు తిప్పడానికి బుట్ట అడుగు అల్లేటప్పుడు ఈతబద్ద వంచినట్టు అని చెప్పాను. కొన్నిటికి మాట దొరకలేదు, వాటికి ఆమే ఏదో అనుకుంది, ఏమిటో నాకు చెప్పలేదు. ఆమె గీతలు నా గీతల్లాగ లేవు. వంపులు వెడల్పు, చివర్లు పొట్టి. తప్పు అనబోయి తస్నీం వైపు చూశాను. తస్నీం తల అడ్డంగా ఊపింది. ఊరుకున్నాను. అంత కష్టం నేను ఇదివరకు పడలేదు.

పొద్దు వాలేముందు గొలుసు ఒక లంకె కదిలింది. ఒక్కటే.

అమావాస్య

తెల్లారేసరికి సముద్రం దిగువకి పోయింది. నూకరత్నం అరుగెక్కి వరస రాసింది. తలుపు ముక్కుతూ మూలుగుతూ లేచింది. రెండు రోజుల వాననీరు ఒక్కసారి బయటికి దూకింది. ఊళ్ళో వాళ్ళు గట్టు మీదికొచ్చి చూస్తున్నారు. ఎవరో చప్పట్లు కొట్టబోతే ఇమ్మానియేలు చెయ్యి పట్టుకుని ఆపాడు. ఇంకా అసలు పని మిగిలే ఉంది. దించడం కావాలి.

పోటు మొదలైంది. తూర్పు గాలికి నీరు కొండలా వస్తోంది. నేనైతే మొదటి అల గట్టు రాయిని తాకగానే దించేస్తాను. మా అయ్యా అంతే. నీరు రాయిని తాకింది. నూకరత్నం వరస రాసింది. తలుపు దిగడం మొదలైంది, సగందాకా వచ్చి ఆగిపోయింది.

నాకు ద్వాదశి గుర్తొచ్చింది. గంటం వదిలేసిందనుకున్నాను. నీరు పెరుగుతోంది, తలుపు సగంలో ఉంది, ఆమె పలక మీద చెయ్యి పెట్టకుండా ఊరికే కూర్చుంది. కాళ్ళు నీళ్ళలో పెట్టి కూర్చుంది. నేను గీత దగ్గరికొచ్చాను. నోరు తెరిచాను. తస్నీం నా భుజం పట్టుకోలేదు, అడ్డం కూడా రాలేదు. పక్కన నిలబడింది, అంతే. ఆవిడకీ తెలీదు ఏం జరుగుతోందో.

నేను అరిస్తే నూకరత్నం రాసేస్తుంది. నా మాట విని నాలాగే రాస్తుంది. అది నాకు బాగా తెలుసు.

నోరు మూసుకున్నాను.

నీరు రాయి మీదికెక్కింది. తలుపు కింద నుంచి నీరు ఇంకా బయటికే పోతోంది, అది అప్పుడు చూశాను. నురగ సముద్రం వైపు కొట్టుకుపోతోంది. కాస్సేపటికి నురగ నిలబడిపోయింది. ఎటూ కదలటం లేదు. అప్పుడు తలుపు తనంతట తాను దిగింది, అంచు అంచుకి అతుక్కుంది, కింద చుక్క నీరు రాలేదు. ఆమె ముందే అలా రాసి పెట్టింది. సగం దిగు, లోపలి నీరూ బయటి నీరూ సమానమయ్యేదాకా ఆగు, అప్పుడు మొత్తం దిగు.

పోటు నెత్తి మీదికొచ్చింది, తలుపుని కొట్టింది, వెనక్కి పోయింది. తస్నీం కాగితం తీసి సంతకం పెట్టింది. సంతకం పెడుతుంటే వాన పడి సిరా కారింది, మళ్ళీ పెట్టింది. తలుపు మూసెయ్యడం ఉండదు.

నూకరత్నం అరుగు దిగి వచ్చింది. బాగుందా అని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. నేనే అడిగాను.

"సగంలో ఎందుకు ఆపావు?"

తలుపు సంగతి నేను ఒకళ్ళని అడగడం అదే మొదలు.

"నువ్వు ఎప్పుడూ సముద్రం వైపు చూసి రాత్తావు బాబాయ్" అంది. "నీ ఇల్లు గట్టు మీదుంది. మాది పల్లం. నువ్వు తొందరగా దించేసినప్పుడల్లా మా వీధిలో నీరు ఉండిపోద్ది. చిన్నప్పట్నుంచీ చూత్తన్నాను. పోయే నీరు పోనిచ్చి మూత్తే సరిపోద్ది కదా అనుకునేదాన్ని."

"చెప్పొచ్చుగా."

"ఎవరికి చెప్తాం."

ఆమె పల్లపు వీధి వైపు వెళ్ళిపోయింది, ఇల్లు చూసుకోవడానికి. తస్నీం పడవ దగ్గరికి నడిచింది. ఇమ్మానియేలు ఇంజను తిప్పి పెట్టాడు. పడవ ఎక్కేముందు ఆవిడ, ఈ రాసిందంతా ఇవ్వమని అడిగింది. పంచమి నాడు రాసింది కొట్టేసి ఇద్దామనుకున్నాను. కొట్టెయ్యలేదు. చదువుకునేవాళ్ళు అది కూడా చదవాలి. ఇంకో పూట రాసి పంపిస్తానన్నాను.

మధ్యాహ్నం ఇంటికొచ్చి కూర్చున్నాను. వెంకాయమ్మ చేపల పులుసు పోసింది. సగం అన్నం తిన్నాక గొలుసు చప్పుడు వినపడింది. ఆటు మొదలైందన్నమాట, తలుపు లేస్తోంది. నా కాళ్ళు లేవబోయాయి. చేతిలో ముద్ద అలాగే ఉంది. గొలుసు ఆగి ఆగి లేచింది, ఆమె పద్ధతి అది. పూర్తిగా లేచేదాకా విన్నాను.

"ఇంకొంచెం పులుసు వెయ్యనా?" అంది వెంకాయమ్మ.

వెయ్యమన్నాను.